జియాన్ గురువుగారి ఫోను ఏమంటోంది?

తైపేలోని సొంగ్‌షాన్ విమానాశ్రయంలో కెప్టెన్ జియాన్ వూషియోంగ్ గురించి ఒక మాట ఉంది. ఆయన తుమ్మాలన్నా ఫోనుని అడిగే తుమ్ముతాడని. ఇది పూర్తిగా అభాండం. ఆయన ముందు తుమ్మి, తర్వాతే అడుగుతాడు. ఆ తుమ్ము పుప్పొడికి వచ్చిందా, చలిగాలికి వచ్చిందా, దూరాన ఎవరో తిట్టుకుంటే వచ్చిందా అన్నది తేల్చి చెప్పే యాప్ తన దగ్గర ఉందని ఆయన అంటాడు.

విమానం నడిపేవాళ్ళ ఫోనుల్లో యాప్‌లు ఉండటం వింతేమీ కాదు. వాతావరణానికొకటి, ఏ విమానం ఆకాశంలో ఎక్కడుందో చూపేదొకటి, డ్యూటీ వేళలకొకటి అందరికీ ఉంటాయి. అందరూ గురువుగారనే పిలిచే జియాన్ అక్కడితో ఆగలేదు. ఏ స్టేషన్లో మరుగుదొడ్డి శుభ్రంగా ఉందో చెప్పేది, విమానంలో ఏ కిటికీ మీద ఎండ పడుతుందో చెప్పేది, గదిలో చప్పుడు కొలిచేది, తిన్నది లెక్కగట్టేది, నిద్ర తూచేది, పెళ్ళికీ ప్రయాణానికీ క్షవరానికీ మంచిరోజు చూసే పంచాంగం యాప్, ఇలా ఆయన ఫోను నిండా కొలువుదీరి ఉండేవి. ఆయన భార్యకి మాత్రం ఒకటే దిగులు.

"అంట్లు తోమే వేళయిందని చెప్పే యాప్ ఒక్కటి లేదు ఈయన దగ్గర. కొనిపెడదామంటే బజార్లో దొరకట్లేదు" అనేదావిడ.

త్సావ్ పెయ్‌లిన్ ఆయన పక్కన కో-పైలట్‌గా కూర్చున్న మొదటిరోజునే ఈ భాగోతం చూసింది. చిన్న కంపెనీ, ముక్కుకి కాదు గానీ రెక్కలకి పంకాలున్న చిన్న విమానాలు. తైపే నుంచి మాత్సు ద్వీపాలకి వెళ్ళిరావడమే పెద్ద పని. ఆ రోజు కుండపోతగా వాన. గురువుగారు చూరు కింద నిలబడితే బాగుండేది గానీ, చూరు అంచున నిలబడి ఫోను చూస్తున్నాడు.

"వాన లేదంటోంది" అన్నాడు.

"గురువుగారూ, మీరు తడుస్తున్నారు."

ఆయన తల ఎత్తి ఆకాశం కేసి చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తేల్చుకున్నాడు.

"ఇది మనది కాదు. పక్క జిల్లా వాన. దారితప్పి వచ్చుంటుంది" అని, గొడుగు ఆమె చేతికిచ్చి తాను తడుస్తూ నడిచాడు. తనకి తేమ తక్కువైందని చర్మం యాప్ పొద్దున్నే హెచ్చరించిందట.

అయితే ఒకటి చెప్పుకోవాలి. సీట్లో కూర్చుని బెల్టు బిగించిన మరుక్షణం ఆ ఫోను నోరు మూసుకుని సంచిలోకి పోయేది. ఆ తర్వాత గురువుగారు వేరే మనిషి. అడ్డగాలిలో మాత్సులోని నాన్‌గాన్ ద్వీపం రన్‌వే మీద ఆయన విమానం దించితే, కునుకు తీస్తున్న ముసలివాళ్ళకి మెలకువ కూడా వచ్చేది కాదు. కిందికి దిగి తలుపు తీశాక మళ్ళీ ఫోను బయటికొచ్చేది. "భోజనం చెయ్యొచ్చా?" అని దాన్ని అడిగేవాడు.

ఆ భోజనంతో పెయ్‌లిన్‌కి రోజూ తంటాయే. సిబ్బందికి వచ్చే డబ్బాలో అన్నం, కూర, ఒక కోడికాలు ఉండేవి. గురువుగారు మూత తీసి, ఫోను చూసి నిట్టూర్చేవాడు.

"కోడికాలు వద్దంటోంది. నిన్నటి కొవ్వే ఇంకా బాకీ ఉందట. నువ్వు తినేసెయ్యి."

"వద్దు గురువుగారూ, నాది నాకుంది."

"అయితే చెత్తలో వెయ్యమంటావా? తిండి పారేస్తే లెక్కగట్టి చివాట్లు పెట్టే యాప్ ఇంకోటుంది."

పెయ్‌లిన్ చేపల పడవలవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్ల. తిండి పారేస్తే వాళ్ళ నాయనమ్మ ఊరుకునేది కాదు. అందుకని తినేది. ఆ రోజుల్లో ఆమె జీతంలో సగం పైలట్ శిక్షణకి చేసిన అప్పుకి పోయేదని, పొద్దుటిపూట ఏమీ తినకుండా డ్యూటీకి వచ్చేదని ఎవరికీ చెప్పలేదు. ఒకరి దగ్గర మేలు పొందితే తిరిగి తీర్చేదాకా నిద్రపట్టని రకం ఆమె. ఆ మాటకొస్తే ఆ కంపెనీలో అందరూ అంతే. ఒక కమలాపండు ఇస్తే మర్నాటికి రెండు తెచ్చి బల్ల మీద పెట్టి పారిపోయేవాళ్ళు. గురువుగారి కోడికాలికి మాత్రం ఎవరూ రుణపడలేదు. అది ఆయన ఇచ్చింది కాదు కదా, యాప్ వద్దన్నది.

"ఆ యాప్ పేరేమిటి గురువుగారూ? నేనూ పెట్టుకుంటాను" అని ఒకసారి అడిగింది.

"పాతది. ఇప్పుడు దొరకట్లేదు" అన్నాడాయన.

దక్షిణాన కావోషియుంగ్ నగరంలో రాత్రి బస పడినప్పుడల్లా ఇంకో వేషం. హోటల్లో సిబ్బందికి ఇచ్చే గదుల్లో ఒకటి లిఫ్టు పక్కనే ఉండేది. తెల్లవార్లూ ఆ లిఫ్టు దగ్గుతూ ఎక్కి, మూలుగుతూ దిగేది. గురువుగారు వరండాలో నిలబడి ఫోనుని గోడకి ఆనించి, డాక్టరులా తల వాల్చి వినేవాడు.

"ఇదే నాకు సరైన గది. చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదని తేల్చింది."

"ఏది తేల్చింది?" అంది క్యాబిన్ సిబ్బందికి పెద్దయిన షిన్‌ఫాంగ్. విమానంలో అందరూ ఆమెని అక్కా అనే పిలిచేవాళ్ళు.

"నిద్ర యాప్."

"మరి కళ్ళ కింద ఆ సంచులేమిటి గురువుగారూ, పెట్టె సరిపోలేదా?"

"అవి కూడా యాప్ ప్రకారమే వచ్చాయి" అని గంభీరంగా తలుపు వేసుకున్నాడు.

కొత్త సంవత్సరం ముందు సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ కూర్చుని తినాలి. ఆ పూట డ్యూటీ పడితే మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటారు. ఒక ఏడు ఆ డ్యూటీ కొత్తగా తండ్రయిన కెప్టెన్‌ ఒకాయనకి పడింది. గురువుగారు వెళ్ళి ఆయన ముందు ఫోను ఊపాడు. వాళ్ళ పంచాంగంలో ఏడాదికొక జంతువు పేరు. యాప్ ప్రకారం ఆ సాయంత్రం తనలా గుర్రం సంవత్సరంలో పుట్టినవాడు తన ఇంటి బల్ల దగ్గర కూర్చుంటే అరిష్టమట, భూమికి కాస్త ఎత్తున ఉంటే మంచిదట. ఆ కెప్టెన్ అరగంట వాదించి, చివరికి ఆయన మీద జాలిపడి డ్యూటీ మార్చుకున్నాడు. గురువుగారి భార్య ఆ రాత్రి విమానాశ్రయానికే గిన్నెలు మోసుకొచ్చి, సిబ్బంది గదిలో బల్ల పరిచింది.

"ఈయన గుర్రం సంవత్సరం కాదు, పాము సంవత్సరం" అని ఆవిడ పెయ్‌లిన్ చెవిలో అంది. "చెప్పకు. యాప్‌కి కోపమొస్తుంది."

పెయ్‌లిన్ అప్పుడు పడీపడీ నవ్వింది. పుట్టిన సంవత్సరం కూడా తప్పు నింపుకున్న మనిషి అనుకుంది. అంతకుమించి ఏమీ తోచలేదు.

ఇన్ని యాప్‌లు కలహించుకోకుండా ఉండాలంటే కాపలా కావాలి. తైవాన్‌లో ఏ యంత్రం దగ్గర చూసినా, ఆస్పత్రిలోనైనా బ్యాంకులోనైనా, మొక్కజొన్న చిరుతిండి పచ్చ పొట్లం ఒకటి పెట్టి ఉంటుంది. దాని పేరుకి బుద్ధిగా ఉండమని అర్థం, అందుకని ఆ పొట్లం ఉంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుందని నమ్మకం. పచ్చదే ఉండాలి, పసుపుది పెడితే మొరాయిస్తుంది. గడువు దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఎవరూ తినకూడదు. గురువుగారు ఫోను చార్జింగుకి పెట్టినప్పుడల్లా దాని పక్కన చిన్న పచ్చ పొట్లం కూర్చోబెట్టేవాడు. ఇంజనీరింగ్ చదివిన కో-పైలట్లు కూడా దానికి అడుగు దూరంగా నడిచేవాళ్ళు.

ఇక పెయ్‌లిన్ సంగతి. ఆమె కెప్టెన్ కావాలి. ఏడాది కిందట ఒకసారి పరీక్ష జరిగింది. ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు, ఆమెది. నాన్‌గాన్ మీద పొగమంచు. ఫలానా ఎత్తుకి దిగేసరికి రన్‌వే కనిపించాలి, కనిపించకపోతే ఆలోచించకుండా పైకి లేవాలి. ఆ ఎత్తుకి వచ్చింది, రన్‌వే లేదు, పెయ్‌లిన్ కుడిపక్కకి తిరిగి, ఆ రోజు కుడి సీట్లో ఉన్న వేరొక పెద్ద కెప్టెన్ మొహం చూసింది. అంతే. రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఆయన విమానం తన చేతిలోకి తీసుకుని పైకి లేపాడు. పరీక్ష పోయింది.

"చెయ్యి బాగుంది. మొహం పక్కకి తిరుగుతోంది" అని పరీక్షాధికారి ఔయాంగ్ తేల్చాడు. ఔయాంగ్ రోజు మొత్తం మీద మాట్లాడే మాటలు ఒక గుప్పెట్లో పడతాయి. వాటిలో ఈ రెండు ముక్కలు ఆమెకి ఖర్చుపెట్టాడు. రెండోసారి కూడా తప్పితే మళ్ళీ అవకాశం ఉండదు. జీవితాంతం కుడి సీటే.

అప్పట్నించి పెయ్‌లిన్‌కి నిజంగానే ఒక జబ్బు పట్టుకుంది. ఏ నిర్ణయానికైనా పక్కకి తిరిగి, "గురువుగారూ, ఫోనేమంటోంది?" అని అడగడం. కాఫీయా టీయా అన్నదానిక్కూడా అడిగేది. ఆయన కూడా ఓపిగ్గా చూసి చెప్పేవాడు.

రెండో పరీక్షకి ముందురోజు నాన్‌గాన్‌లో మంచు దిగి విమానం ఇరుక్కుపోయింది. సిబ్బంది గదిలో మధ్యాహ్నం దాటింది, డబ్బాలు రాలేదు. పెయ్‌లిన్ కడుపు కాలిపోతోంది. బల్ల మీద గురువుగారి ఫోను చార్జింగులో ఉంది, పక్కన చిరుతిండి పొట్లం. ఈయన ఎప్పట్లాగే యాప్ వద్దందని నాకోసం వదిలి వెళ్ళాడు కాబోలనుకుని చింపి, పుస్తకంలో తల పెట్టుకుని చివరి పలుకు దాకా తినేసింది. వేళ్ళు కూడా నాకింది. ఖాళీ పొట్లం మడతపెడుతుంటే దాని రంగు కనిపించింది.

పచ్చ.

పెయ్‌లిన్ ఖాళీ పొట్లాన్ని జేబులో దాచుకుంది. ఆ మధ్యాహ్నమంతా హత్య చేసినదానిలా అందరి మొహాలూ చూస్తూ కూర్చుంది. సాయంత్రం మంచు తేలాక తైపేకి చేరారు. రాత్రికి ఏమీ జరగలేదు. హమ్మయ్య అనుకుంది.

మర్నాడు పొద్దున్న కంపెనీ వ్యానులో షిన్‌ఫాంగ్ ఆమె పక్కన కూర్చుంది.

"విన్నావా? గురువుగారి ఫోను పోయింది."

"పోవడమేంటక్కా?"

"నిన్న రాత్రి అంగట్లో చేప ఉండల సూపు తాగుతుంటే గిన్నెలో పడిందట. తీసి తుడిచేలోపే ప్రాణం పోయింది. రిపేరువాడు చూసి చేతులెత్తేశాడు. లోపల ఉల్లికాడ దొరికిందట."

"అయ్యో..."

"ఎవరో దరిద్రులు ఆయన పచ్చ పొట్లం తినేశారే! కాకపోతే ఇన్నేళ్ళు చెక్కుచెదరని ఫోను సూపులో ఎందుకు దూకుతుంది? పొట్లం తిన్నవాళ్ళకి పుట్టగతులుంటాయా చెప్పు?"

"ఉండవక్కా" అంది పెయ్‌లిన్ నీరసంగా.

సొంగ్‌షాన్ బ్రీఫింగ్ గదిలో ఔయాంగ్ అప్పటికే మూల కుర్చీలో కొయ్యబొమ్మలా కూర్చుని ఉన్నాడు. ఈరోజు పెయ్‌లిన్‌దే కెప్టెన్ సీటు. జియాన్ గురువుగారు కుడిపక్కన కో-పైలట్‌గా కూర్చుంటాడు. నాన్‌గాన్‌లో మంచు పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. వెళ్ళాలా, ఆగాలా? వెయిటింగ్ హాల్లో ప్రయాణికులు మూటలతో నిలబడి అద్దంలోంచి ఇటే చూస్తున్నారు. పెయ్‌లిన్ వాతావరణ నివేదిక రెండుసార్లు చదివింది. మూడోసారి కూడా చదివింది. మెడ దానంతటదే కుడిపక్కకి తిరిగింది.

"గురువుగారూ, ఫోనేమంటోంది?"

మాట నోరు దాటాకే తను ఏమడిగిందో ఆమెకి తెలిసింది. ఔయాంగ్ పెన్ను మూత తీశాడు. వెళ్దామని గురువుగారన్నా, వద్దన్నా ఆమె పని అయిపోయినట్టే. నిర్ణయం తనది కాకుండా పోతుంది. అసలు ఏమీ చెప్పడానికి లేదు కూడా. ఫోను చచ్చిపోయింది, దాన్ని చంపింది తనే.

జియాన్ గురువుగారు తాపీగా జేబులో చెయ్యి పెట్టి ఫోను బయటికి తీశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. అద్దం మీద వేలితో పైకి ఒకసారి, కిందికి ఒకసారి రాశాడు. కనుబొమలు ముడిచి, దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"ఇవాళ కో-పైలట్ నోరు మూసుకుని కెప్టెన్ చెప్పింది వినాలట" అన్నాడు. "దాని కింద ఇంకో ముక్క ఉంది. కెప్టెన్‌కి అన్నీ తెలుసట."

పెయ్‌లిన్ ఆయన భుజం పక్కనే ఉంది. ఫోను అద్దం నల్లగా ఉంది. అందులో ఆయన ముక్కు తప్ప ఏమీ కనిపించడం లేదు.

ఆమె ఆ నలుపుని చూస్తూ నిలబడింది. కోడికాళ్ళు గుర్తొచ్చాయి. లిఫ్టు పక్క గది, కళ్ళ కింద సంచులు గుర్తొచ్చాయి. వానలో తడుస్తూ నడిచిన వీపు, పాము సంవత్సరంలో పుట్టి గుర్రమైన మనిషి, బజార్లో ఎక్కడా దొరకని యాప్‌లు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడ్డాయి. నాలుగేళ్ళుగా ఈయన ఫోనులో చూసి చదివిందల్లా ఏ యాప్ చెప్పిందీ కాదు, ఈయనే చెప్పాడన్నమాట. ఒక్క మేలుకైనా ఎవరూ రుణపడకుండా, తానొక పిచ్చివాడినని పేరు మోస్తూ తిరిగాడు. ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. నివేదిక మడిచి బల్ల మీద పెట్టింది.

"వెళ్దాం" అంది. "తిరిగి రావడానికి సరిపడా ఇంధనం వేసుకుని వెళ్దాం. రన్‌వే కనిపిస్తే దిగుతాం, లేకపోతే వచ్చేస్తాం. ఆ సంగతి ప్రయాణికులకి ఎక్కేముందే నేనే చెబుతాను."

"చిత్తం కెప్టెన్" అన్నాడు గురువుగారు. ఫోను సంచిలో పడేశాడు.

చెప్పింది. మూటలవాళ్ళలో ఒక్కరు కూడా వెనక్కి తగ్గలేదు. ముందు వరుసలో ఒక నాన్‌గాన్ ముసలమ్మ, ఒళ్ళో మందుల సంచి పెట్టుకుని, "దిగితే ఇల్లు, దిగకపోతే విహారం. పోనీయవే" అంది.

నాన్‌గాన్ మీద మంచు పాలసముద్రంలా ఉంది. విమానం దిగింది, ఇంకా దిగింది. ఫలానా ఎత్తు వచ్చింది. ముందు తెలుపు తప్ప ఏమీ లేదు. పెయ్‌లిన్ మెడ తిరగలేదు.

"పైకి!" అంది. అంటూనే విమానం ముక్కు ఎత్తింది. కుడిపక్కన గురువుగారి చేతులు ఆమె చెప్పిన పని చెప్పినట్టు చేశాయి. వెనక కుర్చీలో ఔయాంగ్ పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

సొంగ్‌షాన్‌లో దిగాక తలుపు దగ్గర నిలబడి పెయ్‌లిన్ ఒక్కొక్కరికీ తల వంచి క్షమాపణ చెప్పింది. కొందరు గొణిగారు. ముసలమ్మ మాత్రం ఆగి, ఆమె చెంప గిల్లింది.

"నువ్వు త్సావ్ పడవవాళ్ళ మనవరాలివి కదూ? మీ తాత కూడా ఇంతే. మంచు కనిపిస్తే చాలు, పడవ వెనక్కి తిప్పేవాడు. పిరికిపంద అని ఊరంతా వెక్కిరించింది. వెక్కిరించినవాళ్ళందరి చావులకీ వాడే వెళ్ళి అన్నం తినొచ్చాడు. నేనిక్కడే కూర్చుంటా. గాలి తిరిగాక పిలువు" అని, హాల్లో కుర్చీ వెతుక్కుని సంచి విప్పుకుంది.

ఔయాంగ్ వరండాలో పెయ్‌లిన్ ముందు ఆగాడు. "మొహం తిరగలేదు" అన్నాడు. కాసేపు ఆలోచించి, "కెప్టెన్" అని ఇంకో మాట కూడా ఖర్చుపెట్టి వెళ్ళిపోయాడు.

షిన్‌ఫాంగ్ సంతోషంతో పెట్టిన కేక సిబ్బంది గది దాకా వినిపించింది. ఆ సందడి తగ్గాక, పెయ్‌లిన్ భోజనం డబ్బా పట్టుకుని వెళ్ళి గురువుగారి ఎదురుగా కూర్చుంది. జేబులోంచి మడతపెట్టిన ఖాళీ పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన పొద్దున్న అంగట్లో కొన్న కొత్త పొట్లం పెట్టింది. పచ్చదే, గడువు ఏడాది ఉంది.

"గురువుగారూ, తిన్నది నేనే."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"యాప్ చెప్పింది."

"ఫోను చచ్చిపోయింది కదా?"

గురువుగారు చచ్చిన ఫోనుని చేతిలోకి తీసుకుని ఒక నిమిషం చూశాడు.

"పోయేముందు చెప్పింది" అన్నాడు. తన డబ్బా మూత తీసి, ఎప్పట్లాగే నిట్టూర్చి, కోడికాలిని తినే పుల్లలతో పట్టుకున్నాడు. "ఇవాళ కూడా వద్దనే..."

"ఆగండి" అంది పెయ్‌లిన్. తన ఫోను తీసింది. కళ్ళు చిట్లించి, అద్దం మీద వేలితో పైకి ఒకసారి, కిందికి ఒకసారి రాసింది. "పాత కెప్టెన్ తన కోడికాలు తనే తినాలంటోంది. కొత్త కెప్టెన్ కోడికాలు కూడా ఆయనకే ఇవ్వాలట. ఇవ్వకపోతే అరిష్టం."

తన డబ్బాలోది తీసి ఆయన అన్నం మీద పెట్టింది. జియాన్ గురువుగారు రెండు కోడికాళ్ళ వంకా, ఆమె ఫోను వంకా అనుమానంగా చూశాడు. ఆ ఫోను అసలు వెలగనే లేదు.

"ఏం యాప్ అది?" అన్నాడు.

"పాతది గురువుగారూ. ఇప్పుడు దొరకట్లేదు."

ఆయన నవ్వలేదు. ఆ విషయంలో యాప్‌ని ఎదిరించి లాభం లేదన్నట్టు తల ఊపి, మొదటి కోడికాలు కొరికాడు.